తినుబండారములలోని చేర్పులు: మేలేది, కీడేది?

ఆహార పదార్థములకు రంగును, రుచిని, నిలువను కల్పించుటకై వానిలో మఱికొన్ని వస్తువులను చేర్చుట క్రొత్తగా వచ్చిన ఆచారము కాదు. మన ఆవకాయ జాడీయే ఇందుకు నిదర్శనము. కోసిన మామిడి ముక్క కొలది దినములలో కుళ్ళిపోవును. అదే ముక్కకు ఉప్పు, కారము, ఆవపిండి, నూనె చేర్చి ఊరవేసినచో సంవత్సరము పొడవునను నిలుచును. ఉప్పు ముక్కలోని నీటిని లాగివేయును. నీరు చాలనందున సూక్ష్మజీవులు పెరుగజాలవు. పైన తేలు నూనె గాలిని దరి చేరనీయదు. పులిహోరకు పసుపు, బజ్జీల పిండికి వంటసోడా, పాకము గడ్డకట్టకుండ నిమ్మరసము, ఇవన్నియు మన పెద్దలు ఏనాడో ఎఱిగిన ఉపాయములే.

నేడు ఈ పని యింటి వంటగదిని దాటి కర్మాగారములకును, సంతలోని బండ్లకును వ్యాపించినది. బిస్కట్ల పొట్లము మీద ఏవో సంఖ్యలు కనబడును. పిల్లల నాలుకలు మిఠాయి రంగుతో ఎఱ్ఱబారును. ఇట్టి స్థితిలో గ్రామస్థులలో రెండు విధములైన వైఖరులు ఏర్పడుచున్నవి. చేతి ఫోనులలో వచ్చు వార్తలను నమ్మి, సంఖ్య గల ప్రతి వస్తువును విషమని భయపడువారు కొందఱు. కంటికి ఇంపుగా నున్న దేదైనను మంచిదేయని పిల్లలకు కొనిపెట్టువారు మఱికొందఱు. ఈ రెండును సరియైనవి కావు. గ్రామ క్షేమమునకు బాధ్యులైన పంచాయతీ సభ్యులు ఈ విషయములోని నిజానిజములను ఎఱిగియుండుట అవసరమని తలచి, ముఖ్యమైన సంగతులను ఇచట వివరించుచున్నాము.

చేర్పునకును కల్తీకిని గల భేదము

మన దేశములో ఆహార కల్తీ నిరోధక చట్టము 1954లో చేయబడి, 1955 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని స్థానమున 2006లో ఆహార భద్రత, ప్రమాణముల చట్టము చేయబడినది. దీని క్రింది నిబంధనలు 2011 ఆగస్టు 5 నుండి అమలు జరుగుచున్నవి. తనంతట తానుగా ఆహారముగా తినబడని వస్తువును తయారీలో గాని, నిలువలో గాని, రవాణాలో గాని ఒక ప్రయోజనము కొఱకు బుద్ధిపూర్వకముగా ఆహారమునకు చేర్చినచో, దానిని ఈ చట్టము ఆహార సంకలితము అనును. సులభముగా నుండుటకై దీనిని మనము చేర్పు అని పిలుచుకొందము. ఉప్పు, పసుపు మొదలగునవి ఆహారములే గనుక చట్టము దృష్టిలో చేర్పులు కావు. అయినను అవి చేయు పని అట్టిదే.

చేర్పు వేఱు, కల్తీ వేఱు. పాలలో నీరు పోయుట కొనువానిని మోసగించుట. పండ్ల రసమునకు నియమిత మోతాదులో సోడియం బెంజోయేటు చేర్చి, ఆ సంగతిని సీసా మీద వ్రాయుట మోసము కాదు. ఏ తినుబండారమును గూర్చి సందేహము కలిగినను మూడు ప్రశ్నలు వేసికొనిన చాలును. చేర్చిన వస్తువు ఏది? దానిని ఏ ఆహారములో చేర్చిరి? ఎంత చేర్చిరి? ఈ మూడింటికిని సరియైన సమాధానము లభించినప్పుడే ఆ చేర్పు నిరపాయము. వస్తువు అనుమతింపబడినదే యైనను తగని ఆహారములో చేర్చినను, మితిమీరి చేర్చినను అది నేరమే. ఇక అనుమతియే లేని వస్తువును చిటికెడు చేర్చినను నేరమే.

పొట్లము మీది సంఖ్యలు

పొట్లముల మీద కనబడు ఐ.ఎన్.ఎస్. సంఖ్యలు అంతర్జాతీయముగా నిర్ణయింపబడిన గుర్తులు. ఒక్కొక్క దేశములో ఒక్కొక్క పేరుతో చలామణియగు వస్తువును ఎల్లరును గుర్తించుటకై ఈ సంఖ్యలను ఏర్పఱచిరి. 330 అనగా మన ఇండ్లలో నిమ్మ ఉప్పు అనబడు సిట్రిక్ ఆమ్లము. 500 అనగా వంటసోడా జాతి. 300 అనగా ఉసిరికాయలో పుష్కలముగా నుండు విటమిన్ సి. 100 అనగా పసుపునకు రంగు నిచ్చు కుర్కుమిన్. 322 అనగా సోయాచిక్కుడు మొదలగువాని నుండి తీయు లెసితిన్. 211 అనగా సోడియం బెంజోయేటు. 102 టార్ట్రజీన్ అను పసుపుపచ్చ రంగు, 110 సన్‌సెట్ యెల్లో అను నారింజ రంగు.

కాబట్టి సంఖ్య యున్నంత మాత్రమున అది విషము కాదు. అట్లే సంఖ్య యున్నంత మాత్రమున అది నిరపాయమనియు అనుకొనరాదు. రొట్టెలు బాగుగా పొంగుటకు పూర్వము పొటాషియం బ్రోమేటును పిండిలో చేర్చెడివారు. దానికిని 924 అను సంఖ్య కలదు. అది పుట్టకురుపును కలిగింపవచ్చునను అనుమానము బలపడగా, మన ప్రభుత్వము 2016లో దానిని అనుమతుల పట్టికనుండి తొలగించినది. అనుమతి శాశ్వతము కాదనియు, క్రొత్త విషయములు తెలిసినకొలది నిబంధనలు మాఱుచుండుననియు దీనివలన గ్రహింపవలెను.

హోటళ్ళలో టేస్టింగ్ సాల్ట్ అని వ్యవహరింపబడు దానిని గూర్చి పలువురు ప్రశ్నించుచుందురు. దీని సంఖ్య 621. దీనిని 1908లో జపాను దేశపు శాస్త్రజ్ఞుడు ఇకెడా సముద్రపు నాచునుండి వేఱుచేసెను. ఇందులోని గ్లుటమేటు టమాటాలలోను, మఱి పెక్కు ఆహారములలోను సహజముగానే కలదు. మితముగా వాడినచో సామాన్యులకు అపాయము లేదని నిపుణుల నిర్ణయము. దీనిని వాడినచో ఆ సంగతిని పొట్లము మీద తెలుపవలెను.

మోతాదును నిర్ణయించు విధము

ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థయు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు కలిసి 1956లో ఒక నిపుణుల సంఘమును ఏర్పఱచినవి. ప్రతి చేర్పును ఈ సంఘము పరిశీలించుచున్నది. జంతువులకు ఆ వస్తువును వేర్వేఱు మోతాదులలో దీర్ఘకాలము పెట్టి, ఏ మోతాదు వఱకు ఎట్టి హానియు కనబడలేదో చూతురు. సాధారణముగా ఆ మోతాదులో నూఱవ వంతును మాత్రమే మనుష్యులకు పరిమితిగా నిర్ణయింతురు. జంతువునకును మనుష్యునకును భేదముండవచ్చును గనుక పదవ వంతు, ఒక మనిషికిని మఱియొక మనిషికిని భేదముండవచ్చును గనుక అందులో మరల పదవ వంతు, ఇట్లు నూఱవ వంతు అగును. ఇది శరీరపు బరువు ననుసరించి యుండును. జీవితకాలమంతయు ప్రతిదినము తినినను హాని కలుగని పరిమాణమిది.

ఒక ఉదాహరణము చూతము. సన్‌సెట్ యెల్లో అను నారింజ రంగునకు దినసరి పరిమితి, శరీరపు బరువులో కిలో ఒక్కింటికి 4 మిల్లీగ్రాములు. 15 కిలోల బరువుగల పిల్లవానికి ఇది 60 మిల్లీగ్రాములగును. మన నిబంధనల ప్రకారము రంగు చేర్చుటకు అనుమతిగల మిఠాయిలలో సాధారణముగా కిలోకు 100 మిల్లీగ్రాములకు మించి కృత్రిమపు రంగు ఉండరాదు. ఈ నియమమును పాటించినచో ఆ పిల్లవాడు దినమునకు 600 గ్రాముల మిఠాయి తిన్నగాని పరిమితిని చేరడు. కాని అమ్ముకొనువాడు తూకము లేక, కంటికి నచ్చునంతవఱకు రంగు వేసి, పదిరెట్లు కలిపెననుకొందము. అప్పుడు 60 గ్రాముల మిఠాయితోనే, అనగా రెండు మూడు లడ్డులతోనే, ఆ పిల్లవాడు పరిమితిని చేరును. పెద్దవారు తినునంత మిఠాయినే తిన్నను పిల్లల శరీరము చిన్నది గనుక వారికి కలుగు భారము ఎక్కువ.

ఇది కేవలము లెక్కకు తోచిన ఊహ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆ నగరములో జరిపిన పరిశీలన 2004లో ప్రకటింపబడినది. రంగు తినుబండారములు ఎక్కువగా తిను పిల్లలలో కొందఱు కొన్ని రంగులను దినసరి పరిమితికి మించి తినుచున్నట్లు అందులో తేలినది. అవి అనుమతింపబడిన రంగులే. హాని వస్తువులో లేదు, మితి తప్పుటలో ఉన్నది.

కొందఱి శరీర తత్త్వమునకు మితమైన మోతాదు కూడ సరిపడకపోవచ్చును. ఉబ్బసవ్యాధి గలవారిలో కొందఱికి గంధక సంబంధమైన నిలువ పదార్థములు ఆయాసమును కలిగించును. టార్ట్రజీనువలన కొలదిమందికి దద్దుర్లు వచ్చును. అందుచేతనే చేర్పుల పేర్లను పొట్లము మీద ముద్రింపవలెనను నియమము ఏర్పడినది. విడిగా అమ్ము తినుబండారములకు ఇట్టి రక్షణ లేదు.

సంతలోని రంగులు

కృత్రిమపు రంగులలో మన దేశమున ఆహారమునకు అనుమతింపబడినవి 8 మాత్రమే. అవియును మిఠాయిలు, బిస్కట్లు, ఐస్‌క్రీము, శీతల పానీయములు మొదలగు కొన్నింటిలోనే వాడదగును. పాలు, పప్పులు, పసుపు, కారము, పచ్చి కూరగాయలు మొదలగువానికి రంగు వేయరాదు.

సంతలలో చిక్కంతయు విడిగా అమ్ము రంగుపొడితో వచ్చుచున్నది. మెటానిల్ యెల్లో అను పసుపుపచ్చ రంగు, రోడమిన్ బి అను గులాబి రంగు, మాలకైట్ గ్రీన్ అను ఆకుపచ్చ రంగు ఆహారమునకు ఏర్పడినవి కావు. ఇవి బట్టలకును, తోలునకును, కాగితములకును వేయు అద్దకపు రంగులు. కొంచెము వేసినను గాఢముగా కనబడుననియు, వెల తక్కువయనియు కొందఱు వీనిని లడ్డులకును, పీచుమిఠాయికిని, బఠాణీలకును వాడుచున్నారు. జంతువులపై జరిపిన పరీక్షలలో ఇవి శరీరావయవములకు హాని చేయునని తేలినది. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు, పుదుచ్చేరి ప్రభుత్వములు పీచుమిఠాయిలో రోడమిన్ బి కనబడినందున దాని విక్రయమును నిషేధించినవి. ఆ మార్చి నెలలో కర్ణాటక ప్రభుత్వము రంగు వేసిన పీచుమిఠాయిని, గోబీ మంచూరియాలో కృత్రిమపు రంగులను నిషేధించినది.

పీచుమిఠాయి అమ్మువాడు విషము పెట్టవలెనను తలంపుతో రావడము లేదు. పట్టణములోని కొట్టులో ఏ పేరును లేని పొట్లమును మిఠాయి రంగని ఇచ్చిరి. అతడు కొనుక్కొనెను. రంగు లేనిచో పిల్లలు కొనరని అతని భయము. కాబట్టి శిక్షకు ముందు అతనికి తెలియజెప్పుట మన విధి.

మన పసుపు, మన మిరప, మన బెల్లము

ఈ సమస్య కొనువారిదే కాదు, పండించువారిది కూడ. నిజామాబాదు, దుగ్గిరాల పసుపునకును, గుంటూరు మిరపకును, అనకాపల్లి బెల్లమునకును దేశమంతటను పేరు కలదు. ఆ పేరే మన రైతులకు పెట్టుబడి.

పసుపు కొమ్ములకు మెఱుగుపెట్టునపుడు తళతళలాడుటకై సీసపు క్రోమేటు అను రంగును పూయు దురాచారము కొన్ని ప్రాంతములలో కనబడినది. సీసము పిల్లల మెదడును దెబ్బతీయును. ఇంతవఱకు తినవచ్చునను నిరపాయమైన మోతాదు దానికి లేదు. బంగ్లాదేశములో 2019లో బజారు పసుపు నమూనాలలో 47 శాతములో సీసము కనబడినది. ప్రభుత్వము ప్రచారము చేసి, మిల్లులలోను అంగళ్ళలోను తనిఖీలు జరిపి, దోషులను శిక్షించగా 2021 నాటికి అట్టి నమూనా ఒక్కటియు కనబడలేదు. పట్టుదల యున్నచో రెండేండ్లలో ఎంత మార్పు తేవచ్చునో ఇది చాటుచున్నది.

2003లో భారతదేశమునుండి వెళ్ళిన మిరప సరకులలో సూడాన్ 1 అను నిషిద్ధమైన రంగు ఫ్రాన్సు దేశములో బయటపడినది. అంతట ఐరోపా సంఘము, పరీక్షా పత్రము లేనిదే మిరప సరకును దిగుమతి కానీయమని శాసించినది. ఎవరో కొందఱు చేసిన పనికి నిజాయితీపరుడైన రైతు సరకు కూడ అనుమానమునకు గుఱియైనది.

బెల్లపు సంగతి వేఱు. చెఱకు పానకములోని మడ్డిని తీయుటకు సున్నము, సోడా వాడుట కలదు. బెల్లము బంగారు రంగుగా కనబడుటకై కొందఱు హైడ్రోస్ అను గంధకపు లవణమును వేయుచున్నారు. బెల్లములో మిగులు గంధకపు డైఆక్సైడు కిలోకు 70 మిల్లీగ్రాములకు మించరాదని నియమము. హైడ్రోసును చేతితో అంచనాగా వేసినచో ఈ పరిమితి దాటును. పిల్లలు తిను పల్లీపట్టీలోను, దేవుని ప్రసాదములోను చేరునది ఈ బెల్లమే. పానకములోని మడ్డిని తేల్చుటకు బెండ మొక్క జిగురును వాడు పద్ధతి దేశములో పలుచోట్ల కలదు. నలుపు తిరిగిన బెల్లము హీనమనుట పొరపాటు. కొనువారు మెఱుపునకు ఎక్కువ వెల ఇచ్చినంతకాలము చేయువారు మెఱుపునే తయారుచేయుదురు.

ఇంటిలో చేయదగిన పరీక్షలు

గ్లాసు నీటిలో చెంచాడు పసుపు వేసి కదపక ఉంచినచో, మంచి పసుపు అడుగునకు దిగి నీరు లేత పసుపుగా నుండును. రంగు కలిసినచో నీరు చిక్కని పసుపుగా మాఱును. గ్లాసు నీటిపై కారము చల్లినచో, నీటిలో కరగు రంగు కలిసియున్నయెడల అది చారలుగా క్రిందికి దిగును. పచ్చి బఠాణీలను అరగంట నీటిలో నానవేసినచో వేసిన రంగు నీటిలోనికి దిగును.

ఈ పరీక్షలు అనుమానమును కలిగించుటకే గాని నేరమును స్థిరపఱచుటకు చాలవు. నూనెలో కరగు సూడాను వంటి రంగులు నీటి పరీక్షకు దొరకవు. సీసపు మోతాదును ప్రయోగశాలలో మాత్రమే నిర్ణయింపగలరు. కనుక గ్లాసు నీటిని చూచి ఎవరిని గాని దొంగయని నిందింపరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

సరకును స్వాధీనపఱచుకొనుట, నమూనా తీయుట ఆహార భద్రతాధికారి పనులు. పంచాయతీ సభ్యులు బండిని పడద్రోయుట, సరకును పాఱబోయుట చట్టసమ్మతము కాదు. అయినను పంచాయతీ చేయగలిగినది చాల కలదు.

1. సంతకును, తిరునాళ్ళకును ఆశీలు వేలము వేయునపుడు, పేరులేని రంగుపొడిని వాడరాదనియు, తినుబండారములు అమ్మువారు చట్టప్రకారము నమోదు కావలెననియు షరతు వ్రాయింపవలెను.

2. తిరునాళ్ళకు పదిదినములు ముందుగా మిఠాయి, పుల్ల ఐసు, పీచుమిఠాయి అమ్మువారిని పిలిచి మాటలాడవలెను. ఆహారపు రంగు పొట్లము మీద రంగు పేరు, తయారుచేసినవారి పేరు, 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండవలెనని చూపవలెను. చిన్న తూకమును వాడుట నేర్పవలెను. అంతకంటె మేలైన మార్గము, రంగులేని మిఠాయిని అమ్ముటకు వారిని ప్రోత్సహించుట.

3. పాఠశాలలోను, అంగన్‌వాడీలోను వాడు పసుపు, కారము, బెల్లము, నూనె విడి సరకు గాక, చిరునామాయు లైసెన్సు సంఖ్యయు గల సరకుగా నుండునట్లు చూడవలెను. గ్రామములోని మహిళా సంఘములు కొమ్ములు కొని విసరి ఇచ్చినచో మఱింత మంచిది.

4. అనుమానము బలముగా నున్నచో జిల్లాలోని ఆహార భద్రతాధికారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆయన నమూనాను నాలుగు భాగములు చేసి ముద్రవేయును. విశ్లేషకుడు 14 దినములలో నివేదిక ఈయవలెను. అది తప్పని తలచు వర్తకుడు 30 దినములలో అప్పీలు చేసికొనవచ్చును.

5. చట్టములోని 40వ సెక్షను ప్రకారము కొనుగోలుదారు ఎవరైనను రుసుము చెల్లించి తాను కొన్న ఆహారమును విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. పరీక్షకు పంపనున్నట్లు కొనునపుడే అమ్మువానికి చెప్పవలెను. దోషము రుజువైనచో రుసుము తిరిగి ఇచ్చెదరు.

అపాయకరమైన ఆహారమువలన ప్రాణనష్టము కలిగినచో 7 సంవత్సరములకు తక్కువ కాకుండ యావజ్జీవము వఱకు ఖైదును, 10 లక్షల రూపాయలకు తక్కువ కాని జరిమానాయు చట్టములో కలవు. అయితే శిక్ష జరిగిన పిమ్మట పడునది. పిల్లవాని కడుపులోనికి వెళ్ళిన రంగును ఏ తీర్పును వెలికి తీయజాలదు.

పైన చెప్పిన పనులలో మొదటి మూడింటికి పంచాయతీ నిధినుండి పెద్దగా ఖర్చు చేయనక్కఱలేదు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును ఒక అంశముగా చేర్చి, గ్లాసు నీటి పరీక్షను అందఱి యెదుట చేసి చూపి, ఆశీలు షరతును తీర్మానించినచో చాలును. మితమును, పేరును, పొట్లమును అడుగు అలవాటు కొనువారిలో కలిగిననాడు అమ్మువారును మాఱుదురు. ఆ అడుగుట పంచాయతీ సభ్యుల యిండ్లలోనే మొదలు కావలెనని మేము కోరుచున్నాము.